సంపూర్ణ గీసిన గీతలు

రిపోర్టు తప్పని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాల్వంచలో ఒక చిన్న ల్యాబులో పదమూడేళ్ళుగా రక్తం తీస్తున్నాను. మా తండాలో సూది పట్టుకుని ఉద్యోగం చేస్తున్న మొదటివాణ్ణి నేనే కాబట్టి, నా చేతి మీదుగా వెళ్ళే అంకెను ఎవరైనా శంకిస్తే తండా మొత్తాన్ని అన్నట్టు అనిపిస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఖమ్మంలో హార్మోన్ల డాక్టరు ఉషారాణి గారు మా ఓనరుకు ఫోను చేసి, సంసోను రిపోర్టులు నమ్మేటట్టు లేవు, మీ మిషను బాగుచేయించుకోండి అన్న రోజు నాకు అన్నం సహించలేదు.

మిషను బాగానే ఉంది. తప్పెక్కడుందో తేలేసరికి ఒక కాపురం కల్లూరు బస్సెక్కేదాకా వచ్చింది. జరిగిందంతా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నేను చూడని సంగతులు సంసోను తర్వాత చెప్పినవే. అర్థం కావడానికి వాటిని ముందే చెప్పేస్తున్నాను.

సంసోను థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టులు నడిపే ఆపరేటరు. వయసు నలభై తొమ్మిది. మా వీధి వెనకే వాళ్ళ క్వార్టరు. భార్య సంపూర్ణ అంగన్‌వాడీ టీచరు, పుట్టిల్లు కల్లూరు. ఒక్కతే కూతురు బ్లెస్సీ, ఖమ్మంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. మనిషి మంచివాడే గాని, మధ్యలో పదేళ్ళు విపరీతంగా తాగాడు. ఇది నేను చాటుగా చెప్పే మాట కాదు. ఏటా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆయనే మైకులో చెబుతాడు. పదకొండేళ్ళ కిందట ప్లాంటు గేటు దగ్గర ఊదించే మిషనులో దొరికిపోయాడు. మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఇంకోసారి దొరికితే ఉద్యోగం ఉండదని సంతకం పెట్టించుకున్నారు. సంపూర్ణ కూతుర్ని తీసుకుని కల్లూరు వెళ్ళిపోయింది. ఆరు నెలలకు తిరిగొచ్చి, ఇంకా గడప దాటకముందే ఒక మాట అన్నది.

"ఇంకొక్క దినం నీ దగ్గర ఆ వాసన వస్తే నేను అడగ, కొట్లాడ. పోత. మళ్ళ రాను."

ఆ తర్వాత ఆయన చుక్క ముట్టలేదు. సంఘంలో పెద్ద అయ్యాడు. ప్రభు బల్ల రోజున ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వరసల్లో తిరిగేది ఆయనే.

పోయిన ఏడు వానాకాలం నుంచి మనిషికి నీరసం మొదలైంది. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే కుర్చీలో నిద్రపోయేవాడు. గడ్డం పదిరోజులకోసారి గీస్తే చాలేది. బైబిల్లో బలశాలి పేరు పెట్టుకుని ఈ నీరసం ఏందని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఒకరోజు బెల్టు గ్యాలరీ మెట్ల మీద చిన్నగా జారాడు. చెయ్యి ఆనించాడంతే, మణికట్టు విరిగింది. ఈ వయసు మగవాడికి ఇంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరిగిందని ఎముకల డాక్టరుకు అనుమానం వచ్చి ఉషారాణి గారి దగ్గరికి పంపాడు. టెస్టోస్టిరాన్ చూడమని ఆమె రాసింది. నేనే రక్తం తీశాను. మూడు వందలకు పైన ఉండాల్సింది నూట నలభై ఉంది. తలలోని ఒక గ్రంథి పని మందగించిందని స్కానులో తేలింది. ప్రాణానికి భయం లేదు, కానీ ఎముకలు గుల్లబారుతున్నాయి.

ఆమె ఒక జెల్లు రాసింది. చిన్న ప్యాకెట్లలో వస్తుంది. రోజుకొకటి, పొద్దున స్నానం చేశాక భుజాలకు పూసుకోవాలి. ఆరాక చొక్కా వేసుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ ఒకే వేళకు పూసుకోవాలి, ఒక్క రోజూ మానకూడదు. పూసుకున్న నాలుగు గంటలకు రక్తం ఇవ్వాలి. మూడుసార్లు చెప్పిందట. సంసోను మూడుసార్లూ తల ఊపాడట.

ఇంటికొచ్చి భార్యకు మాత్రం కాల్షియం బిళ్ళలు రాసింది అన్నాడు. మగవాళ్ళ హార్మోను తగ్గిందని భార్యతో చెప్పడానికి నోరు రాలేదు. ఆ సిగ్గు నాకు తెలుసు. మా ల్యాబులో ఆ పరీక్ష పేరు చెప్పడానికే మగవాళ్ళు గొంతు తగ్గించి చీటీ ముందుకు తోస్తారు. ప్యాకెట్లను డ్యూటీ బ్యాగులో, హెల్మెట్ అడుగున దాచాడు.

మొదటి రోజు స్నానాల గదిలో ప్యాకెట్టు చింపగానే గుప్పున స్పిరిట్ వాసన వచ్చింది. ఆ జెల్లు తయారీలోనే స్పిరిట్ ఉంటుంది. మనబోటివాళ్ళకు అది దవాఖానా వాసన. సంసోనుకు పదకొండేళ్ళ కింద వదిలేసిన వాసన. ఆ వారం పొద్దుటి డ్యూటీ, 'ఏ' షిఫ్టు, ఆరింటికల్లా లోపలుండాలి. గేటు దగ్గర ఊదించే మిషను గుర్తొచ్చింది. అరచేతిలో ఉన్న జెల్లును నీళ్ళు పోసి కడిగేశాడు.

అప్పటినుంచి తనకు తోచిన పద్ధతి పెట్టుకున్నాడు. ఏ షిఫ్టు వారం, రెండింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చాక పూసుకోవడం. బీ షిఫ్టయితే మధ్యాహ్నానికి గాని గేటు దాటేది లేదు గనక పొద్దున ఏడింటికి. రాత్రి షిఫ్టయితే పొద్దున వచ్చి పడుకునే ముందు, మరిచిపోతే లేచాక. ఆదివారం అసలే లేదు. గుడిలో పక్కన కూర్చున్నవాళ్ళకు వాసన తగిలితే, గిన్నె పట్టుకునే చేతులకు ఆ వాసన ఉంటే, ఇంకేమన్నా ఉందా? ఆదివారం మానేసినదాన్ని సోమవారం రెండు ప్యాకెట్లు పూసి సరిచేసేవాడు. బాకీ ఉన్న డ్యూటీని ఓవర్‌టైమ్ చేసి తీర్చినట్టు. ప్లాంటులో ముప్పై ఏళ్ళు చేసినవాడికి అది న్యాయంగానే తోచింది.

ఇక నా రిపోర్టులు ఎలా ఉంటాయి? మొదటిసారి సోమవారం పొద్దున వచ్చాడు, శనివారం తర్వాత పూసుకోకుండా. నూట డెబ్బై. రెండోసారి రెండు ప్యాకెట్లు పూసుకుని వచ్చాడు. పదకొండు వందల యాభై. మూడోసారి ముందు రోజు మధ్యాహ్నం పూసుకుని వచ్చాడు. నూట తొంభై. ప్రతిసారీ నేను అడిగాను, ఎన్నింటికి పూసుకున్నవన్నా అని. ప్రతిసారీ తడుముకోకుండా ఒకటే మాట, ఆరింటికి తమ్మీ. నేను ఆరు అని రాసుకున్నాను.

డాక్టరమ్మకు దిక్కు తోచలేదు. తక్కువుందని మోతాదు పెంచితే, నిజంగా ఉన్నది ఎక్కువైతే, రక్తం చిక్కబడి గుండెకో మెదడుకో ప్రమాదం. ఎక్కువుందని తగ్గిస్తే ఎముకలు ఆగవు. గురువారం మళ్ళీ పరీక్ష చేయించుకుని శుక్రవారం ఖమ్మం రమ్మన్నది. మా ఓనరు నన్ను కూడా మిషను రికార్డు పట్టుకుని వెళ్ళమన్నాడు, సంజాయిషీకి.

బుధవారం సాయంత్రం ఆ మాట చెప్పిపోదామని వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. సంసోను బీ షిఫ్టులో ఉన్నాడు. సంపూర్ణ ఒక్కతే కూర్చుని అంగన్‌వాడీ రిజిస్టరు రాస్తోంది. హాల్లో మంచం మీద పక్క వేసి ఉంది. కూర్చోమని టీ ఇచ్చింది. నేను రెండు గుక్కలు తాగేదాకా ఆగి, రిజిస్టరు మూసి అడిగింది.

"తమ్మీ, రక్తంల అన్నీ చూస్తవ్ గదా. తాగేటోని రక్తంల తెలుస్తదా?"

ఎవరి సంగతి వదినా అన్నాను. ఆమె గోడకున్న సంఘం క్యాలెండర్‌ను మేకు మీంచి తీసి నా ముందు పెట్టింది. కొత్త సంవత్సరం నుంచి దాదాపు ప్రతి తేదీ గడిలో నీలం పెన్నుతో ఒక గీత. గీత పక్కన వేళ. మధ్యాహ్నం రెండూ నలభై. పొద్దున ఏడు. పొద్దున ఆరూ యాభై. పిల్లల బరువులు, కోడిగుడ్లు రాసే చెయ్యి అది, ఒక్క రోజూ తప్పలేదు. సోమవారాల్లో రెండేసి గీతలు, పక్కన 'ఎక్కువ' అని. ఆదివారాల గడులన్నీ ఖాళీ.

నాలుగు నెలలుగా ఆయన స్నానాల గదిలోంచి వచ్చినప్పుడల్లా వాసన వస్తోందని చెప్పింది. సీసా కోసం ఇంట్లో వెతకని చోటు లేదట. దొరకలేదు. ఒక్క మాటా అడగలేదు, అడగనని మాటిచ్చింది కాబట్టి. పక్క మాత్రం హాల్లోకి మార్చుకుంది. భ్రమ పడుతున్నానేమోనని తనమీద తనకే అనుమానం వచ్చి గీతలు గీయడం మొదలుపెట్టిందట. ఇంత చెప్పేటప్పుడూ గొంతు పెంచలేదు.

"ఆదివారం మాత్రం ముట్టడు తమ్మీ. దేవునికి భయపడతడు. మిగిలిన ఆరు దినాలు నాకు భయపడడు."

మంచం కింద సర్దిపెట్టిన బ్యాగు కనిపించింది. శనివారం కల్లూరు వెళ్ళిపోతున్నానని చెప్పింది, అంగన్‌వాడీకి సెలవు చీటీ కూడా రాసిపెట్టిందట.

ఆ గీతలు చూడగానే నాకు అంతా తెలిసిపోయింది. నూట డెబ్బై ఎందుకో, పదకొండు వందల యాభై ఎందుకో ఆ గడుల్లోనే ఉంది. చెప్పేస్తే ఒక్క నిమిషం పని. కానీ రోగి సంగతి ఇంట్లోవాళ్ళకైనా సరే, అతను ఒప్పుకోకుండా చెప్పకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. చివరికి, శుక్రవారం అన్నతో ఖమ్మం డాక్టరమ్మ దగ్గరికి రా, ఈ క్యాలెండర్ కూడా తీసుకురా, అంతకన్నా నేను చెప్పలేను అన్నాను. ఖమ్మం నుంచి కల్లూరుకు బస్సులు ఎక్కువే గదా అన్నది ఆమె. నాకు భయమేసింది.

గురువారం పొద్దున సంసోను ల్యాబుకొచ్చాడు. ఎన్నింటికి పూసుకున్నవని అడిగాను. ఆరింటికి అన్నాడు. సూది పక్కన పెట్టేశాను. ఎంత కోపం వచ్చిందంటే, ఆయన నాకన్నా పెద్దవాడని కూడా చూడలేదు.

"అన్నా, నీ అబద్ధానికి డాక్టరమ్మ రేపు మోతాదు పెంచుతది. నువ్వు పోతవ్. నా రిపోర్టు పట్టుకుని పోతవ్. చెప్పు, ఎన్నింటికి?"

విరిగి అతుక్కున్న మణికట్టును రుద్దుకున్నాడు. తర్వాత గేటు మిషను, గుడి, ఆదివారం, సోమవారం అన్నీ వరసగా బయటికి వచ్చాయి. ఇంట్లో చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. వాసన వదినకు రాదనుకున్నావా అన్నాను. స్నానాల గదిలో కిటికీ ఉంది గదా అన్నాడు. ఎంత పిచ్చివాడు! బ్యాగు సంగతి నా నాలుక మీదికి వచ్చి ఆగింది. అది ఆమె నన్ను నమ్మి చెప్పిన మాట. ఇటు ఆయన గుట్టు, అటు ఆమె గుట్టు, రెండూ నా పొట్టలో. ఈ రాత్రే వదినకు చెప్పు, రేపటిదాకా ఆగొద్దు, అని మాత్రం గట్టిగా అన్నాను. సరే అన్నాడు. ఆ రోజు రక్తం తీయలేదు.

చెప్పలేదు. షిఫ్టు దిగి పదిన్నరకు ఇంటికి చేరేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉందట. లేపడానికి ధైర్యం చాలలేదట.

శుక్రవారం ముగ్గురం ఖమ్మం బస్సెక్కాం. వాళ్ళిద్దరూ ఒక సీట్లో, నేను వెనక. సంసోను ఒళ్ళో డ్యూటీ బ్యాగు, అటునుంచి అటే షిఫ్టుకు పోదామని. సంపూర్ణ ఒళ్ళో చుట్టచుట్టిన క్యాలెండర్, కాళ్ళ దగ్గర సర్దిపెట్టిన ఆ బ్యాగు. ఆ బ్యాగేందని సంసోను అడగలేదు, బ్లెస్సీకి ఏదో పట్టుకెళ్తోందనుకున్నాడు. నేను మాత్రం ప్రతి స్టాపులో ఆ బ్యాగు వైపే చూశాను. నా సొంతవాళ్ళ గురించి కూడా అంత భయపడి ఉండను.

డాక్టరమ్మ ముందుగా నా మిషను రికార్డు చూసింది. తప్పు కనిపించక కళ్ళద్దాలు తీసి సంసోను వైపు తిరిగింది. రోజూ ఏ వేళకు పూసుకున్నారో ఎక్కడైనా రాసుకున్నారా అని అడిగింది. నేను సంపూర్ణ వైపు చూశాను. ఆమె చుట్ట విప్పి క్యాలెండర్‌ను బల్ల మీద పరిచింది.

డాక్టరమ్మ వేలు పెట్టి ఒక్కో గడీ చదివింది. నేనిచ్చిన మూడు రిపోర్టుల తేదీలు ఆ గీతల పక్కన పెట్టి చూసింది. రెండోసారి మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇన్నేళ్ళలో ఏ పేషెంటూ ఇంత పద్ధతిగా రాసుకుని రాలేదు అన్నది. ఎవరు రాశారని అడిగింది.

"నేనే రాసిన మేడం. ఈయన తాగుతుండని రాసిన," అన్నది సంపూర్ణ.

సంసోను అప్పుడు చూశాడు క్యాలెండర్ వైపు. జనవరి చూశాడు, తిప్పి ఫిబ్రవరి చూశాడు. ఆదివారాల గడుల దగ్గర వేలు ఆగింది. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తన డ్యూటీ బ్యాగు తెరిచి, హెల్మెట్ తీసి పక్కన పెట్టి, అడుగున మిగిలిన ప్యాకెట్లన్నీ తీసి భార్య ముందు పోశాడు. ఒకటి చింపి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

సంపూర్ణ వాసన చూసింది. కళ్ళు మూసుకుంది. ఇదే అన్నది.

తర్వాత చెప్పాల్సిందంతా డాక్టరమ్మే చెప్పింది, దాచకుండా. హార్మోను సంగతి, ఎముకల సంగతి. పది నిమిషాలు ఆరనిచ్చి చేతులు కడుక్కుంటే స్పిరిట్ ఎగిరిపోతుంది, గేటు మిషను ఊపిరి చూస్తుంది గాని భుజాలు చూడదు అన్నది. అయినా ధైర్యం కోసం కంపెనీ దవాఖానాకు ఒక చీటీ రాసిచ్చింది. ఏ షిఫ్టయితే ఐదింటికి, బీ షిఫ్టయితే ఆరింటికి, రాత్రి షిఫ్టయితే ఆరున్నరకు రాగానే. గంటా గంటన్నర తేడా వస్తే ఏమీ కాదు, సగం రోజు తేడా వస్తేనే ఇలా అవుతుంది. ఆదివారం మానకూడదు, సోమవారం రెండు పూయకూడదు, మరిచిపోయిన రోజును మరిచిపోవాలి, అంతే. పూసుకున్న చోటు భార్యకు తగలకూడదని చెబుతూ, ఈ నాలుగు నెలల్లో తగిలిందా అని సంపూర్ణను అడిగింది. నేను హాల్లో పడుకుంటున్న మేడం అన్నది సంపూర్ణ. ఆ ఒక్కటి మంచిదే అయింది అన్నది డాక్టరమ్మ. గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.

బస్టాండులో సత్తుపల్లి బస్సు నిలబడి ఉంది. కండక్టరు వైరా, కల్లూరు అని పిలుస్తున్నాడు. సంపూర్ణ బ్యాగు పట్టుకుని దాని ముందే ఆగింది. అబద్ధం తాగుడుది కాకపోయినా, నాలుగు నెలలు దాచినది దాచినదే గదా.

"బ్లెస్సీకి ఇయ్యలేదేంది ఆ బ్యాగు?" అన్నాడు సంసోను.

"బ్లెస్సీకి కాదు," అన్నది ఆమె.

అప్పుడు తెలిసింది ఆయనకు. బస్సు మీది బోర్డు చూశాడు, బ్యాగు చూశాడు. చెయ్యి చాపాడు, అంతే. సంపూర్ణ ఆ చేతిని చూసి, విరిగి అతుక్కున్న చెయ్యి గదా, రెండో చేత్తో పట్టుకో అని బ్యాగు ఇచ్చింది. కల్లూరు బస్సు వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరింటికి పూసుకుని గుడికి వెళ్ళాడట. మూడు గంటలు కూర్చున్నా ఒక్కరూ ముక్కు ముడవలేదట. గిన్నె ఇచ్చినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ మామూలుగానే ఉన్నారట.

కానీ అసలు పరీక్ష సోమవారం. ఏ షిఫ్టు. నాకు ఆ పొద్దున గేటు ఎదుటి వీధిలో ఒక ముసలాయన దగ్గర పరగడుపు రక్తం తీసే పని ఉండి, ఐదున్నరకే టీకొట్టు దగ్గర ఉన్నాను. ఆలుమగలిద్దరూ నడుచుకుంటూ వచ్చారు. సంసోను చేతిలో డాక్టరమ్మ చీటీ నలిగిపోయి ఉంది. ఐదింటికి పూసుకున్నా తమ్మీ, కాదు, ఐదూ ఐదుకు, ఐదూ పదిహేనుకు చొక్కా వేసుకున్నా, రెండుసార్లు చేతులు కడిగినా అని నేను అడగకుండానే చెప్పాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఒక్కొక్కరినీ ఊదిస్తున్నారు. పదకొండేళ్ళ కింద ఇదే గేటు. ఆయన వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ముందు ఆరుగురు ఉన్నారు.

డాక్టరు మాట డాక్టరు మాటే, మిషను మాట ఎవరికి తెలుసు? ఐదుగురయ్యారు. నలుగురయ్యారు. సంసోను వెనక్కి తిరిగి టీకొట్టు వైపు చూశాడు. నేనూ పక్కకు చూశాను.

సంపూర్ణ లేదు. అప్పటికే క్వార్టర్ల దారిలో సగం దూరం వెళ్ళిపోయింది. నేను పరుగున వెళ్ళి కలుసుకున్నాను. ఇంక రెండు నిమిషాలే వదినా, ఊదేదాకా ఉండవా, ఏం చూపించిందో చూడవా అన్నాను.

"దేనికి తమ్మీ? ఆయన చెప్పిండు గదా," అన్నది. నడక ఆపలేదు.